ఎట్టకేలకు వాన పడింది! మరి మన నీళ్ళ సంగతేంటి? (విజయవాడ, గుంటూరు వాళ్ళంతా రండి)

గవర్నర్‌పేట గాలివాన | ఆదివారం రాత్రి 8.50

పడింది! చినుకులు రాల్చి, మట్టి వాసన రేపి పారిపోయే బాపతు కాదు, అసలైన వాన. ఏలూరు రోడ్డు మీద స్కూటర్లు సగం చక్రం దాకా మునిగాయి. కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద కూర్చుని టైప్ చేస్తున్నా. మృగశిర ఎండగానే పోయింది. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష అన్నీ అంతే. మఖ కార్తె వచ్చాక గానీ మేఘానికి మనం గుర్తు రాలేదు.

మీ ఏరియాలో ఎంత పడిందో రాయండి. దాంతో పాటు ఒక సందేహం. మొన్న సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం వెళ్ళాను. నీళ్ళు ఘాట్ మెట్లకి ఆనుకుని నిండుగా ఉన్నాయి. ఇటు మా సందులోకి చూస్తే రోజూ ట్యాంకర్లు తిరుగుతున్నాయి. నిండు కృష్ణ ఒడ్డున కూర్చుని నీళ్ళు కొనుక్కోవడం ఏంటండీ? కరువు నిజమేనా, లేక నీళ్ళు ఎటో పోతున్నాయా?

పునుగుల ప్రియ | ఆదివారం రాత్రి 8.58

భవానీపురంలో దంచింది. మా వీధి చివర పునుగుల బండాయన టార్పాలిన్ కట్టేలోపే పిండిలో నీళ్ళు పడ్డాయి. "ఇవాళ ఇక వేయనమ్మా" అన్నాడు, ముఖం మాత్రం వెలిగిపోతోంది. జులై నుంచి చెమటలు కక్కుతూ వేశాడు పాపం.

బ్రాడీపేట బాబాయ్ | ఆదివారం రాత్రి 9.10

గుంటూరులో ఆరింటికి మొదలై ఎనిమిదికి తగ్గింది. మూడొంతెనల కింద షరా మామూలే, ఆటోలు వెనక్కి తిరుగుతున్నాయి. పక్కింటి పిల్లలు డాబా మీద తడుస్తుంటే వాళ్ళ అమ్మ తిట్టలేదు, అదీ ఈ ఏడాది వాన విలువ.

రేగడి రైతు | ఆదివారం రాత్రి 9.31

అందరికీ నమస్తే. మాది పెదనందిపాడు పక్కన. పొలంలో నుంచి ఇప్పుడే వచ్చా, కాళ్ళకి బురద ఇంకా వదల్లేదు, కడుక్కోబుద్ధి కూడా కావడం లేదు.

మా వైపు కాలువ లేదు. నల్లరేగడి, పై నుంచి పడితేనే పంట. పత్తి మోకాలెత్తు రావాల్సింది జానెడు దగ్గరే ఆగిపోయింది. ఆకు మధ్యాహ్నానికి వాలిపోతుంది, రాత్రికి కాస్త తేరుకుంటుంది. ఇన్నాళ్ళూ అదే వరస. మిరప నారు మడిలోనే ముదిరిపోతోంది. నారు కొన్నవాళ్ళు నాటడానికి పదును లేక, నాటకుండా ఉంచలేక, ట్యాంకర్లు పెట్టి మొక్కకి చెంబెడు పోసి బతికించారు. ఎకరం మిరప అలా నాటడమంటే ఇంట్లో బంగారం బయటికి రావాల్సిందే.

ఇవాళ్టి వానకి జానెడు పదును దిగింది. రేగడి నెర్రెలు తాగిందే ఎక్కువ, మడిలో నిలబడింది తక్కువ. ఇంకో వాన నాలుగైదు రోజుల్లో పడితే గట్టెక్కుతాం. పడకపోతే ఈ పదును ఆరిపోయేలోగా మిరప నాటినవాడు నాటినట్టే, నాటనివాడు మిగిలిపోయినట్టే. రేపు తెల్లారేసరికి కూలీల కోసం ఊరంతా కొట్టుకుంటుంది, చూడండి. పోయిన వారం ఊళ్ళో గుడి దగ్గర విరాటపర్వం చదివించారు. దాని వల్లే పడిందని మా పెద్దాయన, అల్పపీడనం వల్ల అని మా వాడు. నాకు రెండూ ఒకటే.

గవర్నర్‌పేట గాలివాన | ఆదివారం రాత్రి 9.40

రైతు అన్నా, చదువుతుంటే కడుపు నిండింది. మంచి కబురు.

నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. బ్యారేజీ నిండుగా ఉంటే కరువు ఎలా అవుతుంది?

లష్కరు మనవడు | ఆదివారం రాత్రి 10.26

మా తాత కాలువల మీద లష్కరు (లాకులు, గట్లు చూసుకునే మనిషి), నేను లాకుల పక్కనే పెరిగాను. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఈసారి కాస్త వివరంగానే రాస్తాను.

ప్రకాశం బ్యారేజీ నీళ్ళు దాచుకోవడానికి కట్టింది కాదు, కాలువల్లోకి మళ్ళించడానికి కట్టింది. కాలువ తలుపుల్లోకి నీళ్ళు ఎక్కాలంటే మట్టం 12 అడుగుల దగ్గర నిలబెట్టాలి. అందుకే కరువులోనూ నిండుగానే కనిపిస్తుంది. దాని మొత్తం నిల్వ 3.07 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 11,574 క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) రోజంతా పారితే ఒక టీఎంసీ ఖర్చవుతుంది. నాట్ల కాలంలో తూర్పు, పడమర కాలువలు కలిపి ఆ మాత్రం లాగుతాయి. అంటే పై నుంచి చుక్క రాకపోతే మీరు చూసిన నిండు కృష్ణ మూడు రోజులకి మించి రాదు. అడుగున అందని నీళ్ళు తీసేస్తే అంత కూడా రాదు. బ్యారేజీలో ఉన్నది చేతి చిల్లర. డబ్బంతా పైన శ్రీశైలం, సాగర్, పులిచింతలలో ఉండాలి. ఈ ఏడు అక్కడ లేదు.

విజయవాడలో ఎంత వాన పడినా సాగర్‌లో అంగుళం పెరగదు. సాగర్ నిండాలంటే మహాబలేశ్వరం వైపు కొండల్లో పడాలి, ఆల్మట్టి, నారాయణపూర్ నిండాలి, జూరాల దాటాలి, శ్రీశైలం నిండాలి. మనకి దగ్గర దారి ఒకటే. ఖమ్మం వైపు గట్టిగా పడితే వైరా, కట్టలేరులను కలుపుకుని మున్నేరు వస్తుంది. అది పులిచింతలకి దిగువన కృష్ణలో కలుస్తుంది కాబట్టి నేరుగా మన బ్యారేజీకే. రెండో ఆసరా 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల. గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి వస్తాయి. అది లేకపోతే ఇలాంటి ఏడు డెల్టాలో నారుమడి కూడా పడదు.

అలా అని ఇవాళ్టి వాన వృథా అనుకోకండి. డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. దాని మొత్తం మీద ఒక్క అంగుళం సమంగా కురిస్తే ఎంత నీళ్ళో లెక్క వేయండి, నాలుగున్నర టీఎంసీలు దాటుతుంది. ఒకటిన్నర బ్యారేజీ! పొలం మీద నేరుగా పడిన నీటికి కాలువ నష్టం లేదు, లాకు లేదు, పై ఊరివాడు అడ్డు కట్టేది లేదు. ఆ రెండు మూడు రోజులు కాలువ తగ్గించుకోవచ్చు, పైనున్న నీళ్ళు అక్కడే మిగులుతాయి. మనకి ఇవాళ దక్కిన లాభం ఇదీ.

సత్యనారాయణపురం శాస్త్రి | ఆదివారం రాత్రి 10.44

భలే చెప్పారు మాస్టారూ. మరి ఇంత లెక్క ఉంటే, బకెట్‌తో స్నానం చేయండి, షవర్ కట్టేయండి అని మాకు చెప్పడమెందుకు? మేం ఎన్ని బకెట్లు ఆపితే ఒక టీఎంసీ అవుతుంది?

లష్కరు మనవడు | ఆదివారం రాత్రి 10.59

అదీ లెక్క వేద్దాం శాస్త్రి గారూ. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం. పది లక్షల మందికి 13.5 కోట్ల లీటర్లు. కాలువ భాషలో చెప్తే 55 క్యూసెక్కులు. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. కాబట్టి ఊరంతా కుళాయిలే కట్టేసినా ఒక టీఎంసీ మిగలడానికి దాదాపు ఏడు నెలలు పడుతుంది. మన షవర్ కట్టేస్తే సాగర్ నిండదు, ఆ మాట నిజమే.

సత్యనారాయణపురం శాస్త్రి | ఆదివారం రాత్రి 11.03

అయితే తేలిపోయింది కదా. నీళ్ళు తాగేది వరి. ఎకరం వరికి పోసే నీళ్ళతో ఒక వీధి ఏడాదంతా బతుకుతుంది. కరువు ఏడు వరి మానేయమంటే సరి, ఇక్కడ మనం చెంబులు లెక్కపెట్టుకోనక్కర్లేదు.

శివారు రైతు | సోమవారం ఉదయం 5.48

పొద్దున్నే లేచి ఇది చదివాను. మాది అవనిగడ్డ వైపు, కాలువ చిట్టచివర. శాస్త్రి గారూ, వరి మానేయమన్నారు. మానేసి ఏం వేయమంటారు? మా పొలం పల్లం. ఇవాళ ఎండిపోతుంది, అక్టోబరులో తుఫాను వస్తే నడుం లోతు నీళ్ళు నిలుస్తాయి. అందులో నిలబడేది వరి ఒక్కటే. కింద నేలలో ఉప్పు నీళ్ళు. కాలువ నీళ్ళు పైన నిలిచి ఉంటేనే ఆ ఉప్పు కిందికి అణిగి ఉంటుంది. ఒక ఏడాది బీడు పెట్టామంటే మరుసటి ఏడు మడిలో తెల్లగా పేరుకుని కనబడుతుంది.

నీళ్ళు ఎక్కువ తాగుతుందనేది కాదనను. అందుకే మా ఊళ్ళో చాలామంది నారు పోసి నాటడం మానేసి వెదజల్లుతున్నారు. దమ్ము చేసే నీళ్ళు మిగులుతాయి, కూలీ ఖర్చూ తగ్గుతుంది. కలుపు మాత్రం ప్రాణం తీస్తుంది. ఈ ఏడు వెద పెట్టిన చేలకి మొలక వచ్చాక తడి లేక ఎర్రబడ్డాయి. వంతు ఎప్పుడొస్తుందా అని రాత్రిళ్ళు కాలువ గట్టు మీద కాపలా పడుకున్నాం. వంతు వచ్చేది, పైవాళ్ళు పూర్తిగా ఎత్తుకునేవారు, మా దాకా వచ్చేసరికి అడుగు తడిసేది. చివరికి ఆయిల్ ఇంజన్లు పెట్టి మురుగు కాలువలో నీళ్ళు తోడి పోశాం. ఆ మురుగులో మీ ఊరి నీళ్ళు కూడా ఉంటాయి, గుర్తుంచుకోండి.

రాత్రి వాన మాకూ పడింది. ఇంజను ఇంటికి తెచ్చేశాను. డీజిల్ ఖర్చు తప్పింది, అదే పదివేలు.

సత్యనారాయణపురం శాస్త్రి | సోమవారం ఉదయం 7.15

ఉప్పు సంగతి నాకు తెలియదండీ. అయినా దాళ్వా వరి గురించి మాత్రం నా మాట అదే. సార్వా అంటే సరే, రెండో పంట మినుము, పెసర చాలదా?

శివారు రైతు | సోమవారం ఉదయం 7.22

మా ఊళ్ళో రెండో పంట ఎప్పుడూ మినుమేనండీ. సార్వాకే నీళ్ళు రాని చోట దాళ్వా ఎవరిస్తారు? ఆ మాట మీరు కాలువ మొదట్లో ఉన్నవాళ్ళతో అనండి, నేనూ మీ వెనక నిలబడతాను.

కొండమీది ఇల్లు | సోమవారం ఉదయం 9.37

టీఎంసీలు, క్యూసెక్కులు అన్నీ బాగున్నాయి. నేను చిట్టినగర్ వైపు కొండ మీద ఉంటాను. మా ఇంటికి రావాలంటే మెట్లు ఎక్కాలి, నీళ్ళు కూడా ఎక్కాలి. కృష్ణ మా ఇంటి డాబా మీంచి కనబడుతుంది. కుళాయిలో మాత్రం కనబడదు.

కొండ కింద రిజర్వాయర్ నుంచి నీళ్ళు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటేనే మా దాకా ఎక్కుతాయి. కింద వీధుల్లో కుళాయికి నేరుగా మోటార్లు బిగించి లాగేస్తారు. వాళ్ళ సంపు నిండి, పైన ట్యాంకు నిండి, అది పొంగి గోడ వెంబడి కారుతూ ఉంటుంది. అదే టైముకి మా కుళాయి గాలి కక్కుతుంది. అలాంటప్పుడు కింద వీధి కుళాయి నుంచి బిందెలు మోసుకు రావాలి. మా అత్తగారికి మోకాళ్ళు పోయింది ఆ మెట్ల మీదే. ఇప్పుడు నేను మోస్తున్నాను.

శాస్త్రి గారు బకెట్ ఆపితే టీఎంసీ అవుతుందా అని అడిగారు. అవ్వదు సార్. మీ ట్యాంకు పొంగకుండా ఆపితే మా కొండ మీద నాలుగు బిందెలు అవుతాయి. నాకు అది చాలు.

గవర్నర్‌పేట గాలివాన | సోమవారం ఉదయం 9.52

అక్కా, ఈ చర్చలో ఇంతకంటే మంచి జవాబు రాదు.

లష్కరు మనవడు | సోమవారం ఉదయం 10.20

రాత్రి నేను సగం లెక్కే చెప్పి వదిలేశాను, మిగతా సగం ఆవిడ చెప్పారు. నది పద్దు వేరు, వీధి పద్దు వేరు. నదికి పంట, పై రాష్ట్రాల జలాశయాలు, రుతుపవనం లెక్కకొస్తాయి. వీధి దగ్గరికి వచ్చేసరికి పైపు ఒత్తిడి, బోరు మట్టం, కరెంటు మోటార్లు లెక్కకొస్తాయి. మనం ఇంట్లో చేసే పొదుపు మొదటి పద్దులో సున్నా, రెండో పద్దులో చాలా పెద్దది. ఈ రెండూ కలిపి మాట్లాడబట్టే సగం మంది పొదుపు అనగానే నవ్వుతారు, మిగతా సగం షవర్ కట్టేసి కృష్ణమ్మని కాపాడామనుకుంటారు.

భవానీపురం భాను | సోమవారం ఉదయం 11.05

మా అపార్ట్‌మెంట్‌కి ఈ ఏడాది సెక్రటరీని నేను. అడిగి మరీ తెచ్చుకున్న తలనొప్పి. ఏప్రిల్ నుంచి మా బోరు బురద నీళ్ళు పోస్తోంది. ట్యాంకర్ అంటే 5,000 లీటర్లు అని చెప్తారు, సంపులో గీత చూస్తే ఎప్పుడూ అంత పెరగదు. అడిగితే "దారిలో ఒలికిపోయింది మేడమ్". మెయింటెనెన్స్ పెంచుతానంటే మీటింగులో నా మీద పడ్డారు. ట్యాంకర్లు ఆపేస్తానంటే ఇంకా గట్టిగా పడ్డారు.

నేను చేసింది ఒక్కటే, సెల్లార్‌లో కార్లు పైపుతో కడగడం ఆపించాను. బకెట్, గుడ్డ. మూడో అంతస్తు ఆయన రెండు నెలలుగా నాతో మాట్లాడటం లేదు. నష్టం ఏమీ కనిపించలేదు.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు, ఆర్వో మెషిన్లు. లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు సింకులోకి పోతాయి. ఆ పైపు బకెట్లోకి పెట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములకి వాడమని అందరికీ చెప్పాను. ఆడవాళ్ళు వెంటనే పెట్టారు. అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నా: నిన్నటి వానకి మా డాబా నీళ్ళన్నీ పైపుల్లోంచి రోడ్డు మీదికి, అక్కడ్నుంచి డ్రైనులోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ పక్కనే పొద్దున వచ్చిన ట్యాంకర్ బిల్లు జేబులో ఉంది. ఇంకుడుగుంత తవ్వించాలంటే ఎవర్ని పిలవాలి, ఎంత లోతు?

బ్రాడీపేట బాబాయ్ | సోమవారం మధ్యాహ్నం 12.18

భాను గారూ, మీ డాబా నీళ్ళ లెక్క నేను చెప్తా. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. మా డాబా 200 గజాలు, అంటే 167 చదరపు మీటర్లు. నేను నిలువు గోడల స్టీలు డబ్బా ఒకటి డాబా మీద పెట్టి స్కేలుతో కొలుస్తాను (రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక పని ఉండాలి). నిన్న 38 మిల్లీమీటర్లు. గుణిస్తే ఆరు వేల పైచిలుకు లీటర్లు. కారినవి, ఆవిరైనవి తీసేసినా ఐదు వేలు. మీ ట్యాంకర్ ఆయన తెచ్చేది అంతేగా, పైగా మేఘం దారిలో ఒలకబోయదు.

భవానీపురం భాను | సోమవారం మధ్యాహ్నం 12.25

బాబాయ్ గారూ, ఈ లెక్క మీటింగులో చదివి వినిపిస్తాను. మాది మీ డాబాకి రెండింతలు.

పునుగుల ప్రియ | సోమవారం మధ్యాహ్నం 12.31

"మేఘం దారిలో ఒలకబోయదు". టీ షర్టు మీద అచ్చు వేయించుకోవచ్చు.

పటమట పద్మ | సోమవారం మధ్యాహ్నం 1.40

ఇంకుడుగుంత తవ్వించే ముందు ఒక్క నిమిషం ఆగండి. మా పుట్టిల్లు గుంటూరు, అక్కడ రేగడిలో తవ్వించారు. కంకర, ఇసుక వేసి పైన జల్లెడ మూత పెట్టి ముచ్చటగా కట్టారు. మొదటి వానకే నిండింది, ఇక దిగదు! వారం పాటు నీళ్ళు నిలిచి దోమలు. చివరికి పూడ్చి తులసికోట కట్టారు. మా చెల్లెలిది కృష్ణలంక, ఇసుక నేల. అక్కడ అదే గుంత ఎంత వాన పోసినా గంటలో ఖాళీ. నేలని బట్టి చేయాలి.

లష్కరు మనవడు | సోమవారం మధ్యాహ్నం 2.35

పద్మ గారి మాట అక్షరాలా నిజం. నల్లరేగడి తడవగానే ఉబ్బి మూసుకుపోతుంది, నీళ్ళు కిందికి పోనివ్వదు. అలాంటి చోట గుంత అడుగు నుంచి ఇంకా కిందికి, ఇసుక పొర తగిలేదాకా బోరులాంటి సన్నని రంధ్రం వేసి, చిల్లుల పైపు దించి, చుట్టూ కంకర పోయాలి. అప్పుడే దిగుతుంది. ఎంత లోతు అన్నది మీ పాత బోరు వేసినప్పుడు ఏ లోతున ఏ మట్టి తగిలిందో చూసి చెప్పాలి. మీ అపార్ట్‌మెంట్ కాగితాల్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి, లేదంటే ఆ వీధిలో ఈమధ్య బోరు వేసిన వాళ్ళని అడగండి.

ఒక్క జాగ్రత్త. ఎండిపోయిన బోరు ఉంది కదా అని డాబా పైపు తీసుకెళ్ళి నేరుగా అందులో పెట్టేవాళ్ళున్నారు. పావురాల రెట్ట, దుమ్ము, ఎండుటాకులు అన్నీ భూగర్భంలోకే పోతాయి. మొదటి వాన నీళ్ళు బయటికి వదిలేయాలి, తర్వాతవి కంకర, ఇసుక వడపోత దాటాకే బోరులోకి. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) వచ్చినప్పటి నుంచి వాన నీటిని భూమిలోకి పంపే ఏర్పాటు ఉండాలని నిబంధన ఉంది. కొత్త ఇళ్ళ ప్లానులో గుంత గీస్తారు కూడా. ప్లాను పాసయ్యాక దాని మీద కారు నిలబడుతుంది.

రేగడి రైతు | సోమవారం సాయంత్రం 6.10

కూలీలు దొరికారు. అర ఎకరం నాటాం, మిగతాది రేపు. ఇవాళ ఎండ కాయలేదు, ముసురు పట్టి ఉంది, మొక్క నిలబడటానికి అనుకూలం.

మీ డాబా లెక్కలు చదివాను. మాకు గుంతలు కాదు, ఊరి చెరువులో పూడిక తీయాలి. నిన్నటి వానకి చెరువులోకి వచ్చిన నీళ్ళకంటే పక్కనుంచి వాగులోకి జారిపోయినవే ఎక్కువ. తాగునీటి చెరువు నింపడానికి గుంటూరు ఛానల్ నీళ్ళ కోసం చూడాలి. ఆ ఛానల్‌ని పర్చూరు దాకా పొడిగించమని మా నాన్న తరం నుంచి అడుగుతున్నాం, నేను కూడా అడిగి అడిగి ముసలివాణ్ణి అవుతున్నాను.

సత్యనారాయణపురం శాస్త్రి | సోమవారం రాత్రి 8.02

ఇదంతా సరే, 2024 సెప్టెంబరు మర్చిపోయామా? బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్ళలో ఉంది, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. అన్ని నీళ్ళు సముద్రంలోకి వదిలి ఇప్పుడు చుక్క కోసం ఏడవడం ఏంటి?

లష్కరు మనవడు | సోమవారం రాత్రి 8.40

ఆ వేగంతో రోజంతా పారితే దాదాపు 99 టీఎంసీలు. పులిచింతల మొత్తం పట్టేది 45.77. అలాంటివి రెండు ఖాళీగా ఉన్నా ఒక్క రోజుకే చాలవు. అలాంటి వరదని పట్టి ఉంచగలిగేది ఏదీ లేదండీ. మామూలు ఏళ్ళలో పోయే నీళ్ళ గురించి అడిగితే వాదించుకోవచ్చు, ఆ వరద మీద మాత్రం కాదు.

బ్రాడీపేట బాబాయ్ | సోమవారం రాత్రి 9.14

శాస్త్రీ, వాన రాని ఏడు నది ఉన్నా లేనట్టే, అది కొత్త సంగతి కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరం, గుంటూరు కరువు వచ్చింది. డొక్కల కరువు అన్నారు. జిల్లాలో ఐదు లక్షల జనాభా ఉంటే లక్షన్నరకి తక్కువ కాకుండా పోయారు. కృష్ణ అప్పుడూ ఇక్కడే పారుతోంది. నీళ్ళు పొలంలోకి ఎక్కించే ఆనకట్ట లేదు. 1852లో మొదలుపెట్టి 1855కి కట్టారు. దానికి నూరేళ్ళకి గండి పడితే, 1957 నాటికి ఈ బ్యారేజీ వచ్చింది.

నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది, ఇవాళ్టి సంగతి. కొండమీది అమ్మాయి కుళాయి మోటార్ల మాట ఎత్తింది. ఆ ఇబ్బంది ఒత్తిడి తగ్గడంతోనే ఆగేది కాదమ్మా. నీళ్ళు రోజుకి గంటో రెండు గంటలో వదిలే ఊళ్ళలో మిగతా సమయం పైపు ఖాళీగా ఉంటుంది. మురుగు కాలువ పక్కనో అడుగునో పైపు పగిలి ఉంటే వాన పడగానే ఆ మురుగు అందులోకి దిగుతుంది. దానికి తోడు మోటారు పెట్టి లాగితే, లోపల గాలి పీల్చినట్టు మురుగుని కూడా పీల్చేస్తుంది. 2018 మార్చిలో ఇక్కడ గుంటూరులో కలుషిత నీళ్ళకి డయేరియా వచ్చి ప్రాణాలు పోయాయి. ఆ వారం ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. కరువు తర్వాత వచ్చే మొదటి వానలకి ఈ భయం ఎక్కువ. ఈ నాలుగు రోజులూ కుళాయి తిప్పగానే వచ్చే నీళ్ళు మొక్కలకి వదిలేసి, తాగేవి మరగబెట్టుకోండి. వాసన వస్తే, రంగు మారితే పక్కింటివాళ్ళకీ చెప్పండి, ఫిర్యాదూ చేయండి.

కొండమీది ఇల్లు | సోమవారం రాత్రి 9.30

బాబాయ్ గారూ, ఇది మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవచ్చా? మోటార్లు పెట్టేవాళ్ళు మా మాట వినరు. వాళ్ళ పిల్లలకి జబ్బు చేస్తుందంటే వింటారేమో.

బ్రాడీపేట బాబాయ్ | సోమవారం రాత్రి 9.33

పెట్టుకో తల్లీ. నా పేరు కూడా అక్కర్లేదు.

వేదిక నిర్వాహకులు | సోమవారం రాత్రి 9.50

ట్యాంకర్ వాళ్ళ ఫోన్ నంబర్లు, ఎవరి బండి ఎంత తక్కువ పోస్తుందో పేర్లతో సహా రాసిన రెండు పోస్టులు తొలగించాం. దయచేసి ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. "పై రాష్ట్రాల వాళ్ళు దొంగలు" తరహా పోస్టులు కూడా తీసేశాం. నదీ జలాల పంపకాల మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి వెళ్ళండి.

పునుగుల ప్రియ | మంగళవారం ఉదయం 6.35

రాత్రి మళ్ళీ పడింది, కానీ చిన్నదే. మఖ పుబ్బలు వరుపైతే మహా కరువు అనేది మా అమ్మమ్మ. మఖలో రెండు వానలు వచ్చాయి కాబట్టి సగం గండం గడిచిందని లెక్క వేసుకుంటున్నా.

శివారు రైతు | మంగళవారం ఉదయం 7.02

లష్కరు మనవడు గారూ, మీరు అన్నట్టే నిన్న సాయంత్రం కాలువ తగ్గించారు. పైనంతా వాన నీళ్ళతో మడులు నిండి ఉన్నాయి కాబట్టి పైవాళ్ళు తూములు మూసుకున్నారు. ఆ తగ్గించిన కాలువలోనే మా చివరికి నీళ్ళు వచ్చాయి! కాలువ నిండుగా ఉన్నప్పుడు రానివి. వంతులు మళ్ళీ ఎప్పటి నుంచి మొదలుపెడతారో మీకేమైనా తెలిస్తే రాయండి. యూరియా ఇప్పుడు చల్లాలా, ఆగాలా అని చూస్తున్నాను. చల్లాక నీళ్ళు ఆగిపోతే బస్తా దండగ.

లష్కరు మనవడు | మంగళవారం ఉదయం 8.11

వంతుల సంగతి మున్నేరు మీద ఆధారపడి ఉంటుంది. మున్నేరు ఒడ్డున కీసర దగ్గర నీళ్ళు పెరుగుతున్నాయని ఇప్పుడే మా బంధువు ఫోన్ చేశాడు, ఎంత అన్నది ఇంకా తెలియదు. మడిలో రెండంగుళాలు నిలిచి ఉంటే కాస్త తీసేసి బురద పదునులో సగం బస్తా చల్లండి, మిగతా సగం ఆపుకోండి. మధ్యాహ్నం లాకుల దగ్గరికి వెళ్తాను, కనుక్కుని రాస్తాను.

భవానీపురం భాను | మంగళవారం ఉదయం 9.20

రాత్రి మీటింగు పెట్టాను. పాత బోరు కాగితం దొరికింది, 1998 నాటిది, సగం చెదలు తిన్నాయి. 40 అడుగుల దగ్గర ఇసుక అని కనబడుతోంది. మూడో అంతస్తు ఆయనే ఆ కాగితం వెతికి తెచ్చాడు. గుంతకి డబ్బులు మాత్రం ఎవరూ ఇవ్వనన్నారు, మూడు నెలల ట్యాంకర్ బిల్లులు పక్కన పెట్టి చూపిస్తే ఆలోచిస్తామన్నారు. బిల్లులు కలుపుతున్నాను. లష్కరు గారూ, ఆదివారం వీలైతే ఒకసారి వచ్చి స్థలం చూస్తారా? పునుగులు మా ఖర్చు.

పునుగుల ప్రియ | మంగళవారం ఉదయం 9.22

ఆదివారం నేను కూడా వస్తున్నాను.